మత్తు, సోయి, సాక్ష్యం: నైట్రస్ ఆక్సైడ్, కెటమిన్ అనుభవాలపై ఒక విచారణ

మత్తువైద్య చరిత్రలో హైదరాబాద్ పేరు శాశ్వతంగా నిలిచిపోయింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1888, 1889 సంవత్సరాలలో, రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. వాటికి సూత్రధారి ఎడ్వర్డ్ లారీ. ఆయన రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ వైద్య పాఠశాలకు అధిపతి. క్లోరోఫాం హద్దు మీరినప్పుడు ముందు ఆగేది శ్వాసా, గుండెనా అన్నది ఆ కమిషన్ల ముందున్న ప్రశ్న. శ్వాసే ముందు ఆగుతుందన్న మొదటి కమిషన్ నిర్ణయాన్ని లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి ఆ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను ఇక్కడికి రప్పించాడు. కుక్కలు, కోతులు, మేకలు, కుందేళ్లు కలిపి వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. తీర్పు మళ్లీ శ్వాసకే అనుకూలంగా వచ్చింది. 1911లో ఎ. జి. లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలు, పలుచని మత్తులోనే గుండె లయ ప్రాణాంతకంగా చెదిరిపోగలదని చూపించి ఆ తీర్పును తలకిందులు చేశాయి.

వైద్య చరిత్రకారులు ఈ వృత్తాంతాన్ని శ్వాసకూ నాడికీ జరిగిన వ్యాజ్యంగా చెబుతారు. అది నిజమే. కాని ఆ వ్యాజ్యంలో రెండు పక్షాలూ పిలవని సాక్షి ఒకరున్నారు. క్లోరోఫాం పీల్చిన ప్రాణికి లోపల ఏమైందన్న ప్రశ్న అక్కడ ఎవరిదీ కాదు. కుక్క చెప్పలేదు, నిజమే. చెప్పగలిగిన మనుషులు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి మంచాల మీద ఉండగా, వాదమంతా రక్తపీడనపు గీతల మీదనే నడిచింది. మత్తులో కలిగిన అనుభవాన్ని ఎవరు చెబుతారు, ఏ మాటలతో చెబుతారు, చెప్పినదానిని ఎవరు ప్రమాణంగా స్వీకరిస్తారు? ఈ వ్యాసం విచారించదలచింది ఈ ప్రశ్ననే. దీనికి క్లోరోఫాం కంటె నైట్రస్ ఆక్సైడ్, కెటమిన్ అనే రెండు ఔషధాలు గట్టి ఆధారమవుతాయి. రెండూ మెదడులో ప్రధానంగా ఎన్‌ఎండీఏ అనే ఒకే గ్రాహకాన్ని అడ్డుకుంటాయని పరిశోధకులు గుర్తించారు. కెటమిన్ విషయంలో ఇది 1980 దశకంలోనూ, నైట్రస్ ఆక్సైడ్ విషయంలో 1998లోనూ తేలింది. అయినా ఆ రెండింటిని పుచ్చుకున్నవారి మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. తాళం ఒకటే అయినా తలుపు వెనక గదులు వేరుగా ఉన్నాయి.

నైట్రస్ ఆక్సైడ్ సాక్షుల జాబితా చూస్తే అది సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయంలా ఉంటుంది. 1799లో బ్రిస్టల్‌లోని వాయుచికిత్సాలయంలో హంఫ్రీ డేవీ ఆ వాయువును తాను పీల్చి, మిత్రులచేత పీల్పించాడు. వారిలో కవులు కోల్రిడ్జ్, సదీ ఉన్నారు. 1800లో ప్రచురించిన గ్రంథంలో డేవీ తన అనుభవంతో పాటు వారివారి వాఙ్మూలాలనూ చేర్చాడు. శస్త్రచికిత్సలో నొప్పి తగ్గించడానికి ఈ వాయువు పనికిరావచ్చునని అదే గ్రంథంలో సూచించాడు కూడా. ఆ సూచన నాలుగు దశాబ్దాలకు పైగా ఎవరి చెవికీ ఎక్కలేదు. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హోరెస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఆ వాయువు పీల్చి తన పన్ను తానే తీయించుకున్న తరువాతగాని దాని వైద్య జీవితం మొదలు కాలేదు. ఆనందం గురించిన సాక్ష్యం వెంటనే గ్రంథస్థమైంది, నొప్పి గురించిన సాక్ష్యం నలభై నాలుగేళ్లు ఆగింది. ఏ అనుభవం వినదగినదన్న నిర్ణయం అనుభవంతో పాటు పుట్టదని దీనివల్ల తెలుస్తుంది.

తాత్త్వికులలో ఈ వాయువును గంభీరంగా పట్టించుకున్నవాడు విలియం జేమ్స్. బెంజమిన్ పాల్ బ్లడ్ 1874లో మత్తు ద్వారా కలిగే తత్త్వదర్శనంపై వెలువరించిన చిన్న పుస్తకం జేమ్స్‌ను ఆకర్షించింది. 1882లో 'మైండ్' పత్రికలో హెగెల్ తత్త్వంపై రాసిన విమర్శ చివర ఆయన తన నైట్రస్ ఆక్సైడ్ అనుభవాన్ని వివరంగా నమోదు చేశాడు. ద్వంద్వాలన్నీ ఒకదానిలో ఒకటి కరిగిపోతున్నట్లు, విరోధమే ఐక్యమైనట్లు, తర్కం తన పరమావధిని చేరినట్లు ఆయనకు తోచింది. ఆ ఊపులో కాగితాల మీద రాసుకున్న వాక్యాలు మెలకువ వచ్చాక చూస్తే అర్థంలేని పదాల పేర్పు. ఆయన ఆ కాగితాలను దాచలేదు, పాఠకుల ముందు పెట్టాడు. తన అనుభూతికి విరుద్ధమైన ఆధారాన్ని తానే సమర్పించిన సాక్షి ఆయన. తత్త్వశాస్త్ర రచనలో ఇది అరుదైన నిజాయితీ.

ఈ అనుభవంలో గమనించవలసినది దాని నిర్మాణం. నైట్రస్ ఆక్సైడ్ ఒక్కటే, మామూలు వాతావరణ పీడనం వద్ద, మనిషిని పూర్తి శస్త్రచికిత్సా మత్తులోకి దించలేదు. అందుకు కావలసిన గాఢత నూటికి నూరు శాతాన్ని కూడా దాటుతుంది. కనుక పీల్చినవాడు చాలావరకు మాట్లాడగలిగే స్థితిలోనే ఉంటాడు, ఆపిన కొద్ది నిమిషాలలో తేరుకుంటాడు. నొప్పి తెలుస్తూనే ఉంటుంది, కాని దాని పట్టు సడలుతుంది. జేమ్స్‌కు కలిగినది ఒక సత్యం కాదు, 'సత్యం దొరికింది' అన్న భావన. దేని గురించి అని అడిగితే జవాబు లేదు. అర్థమయింది అనే అనుభూతి, అర్థమయిన విషయం నుంచి విడిపోయి తేలుతోంది. మనకు సాధారణంగా ఈ రెండూ కలిసే వస్తాయి కనుక అవి రెండని తోచదు. ఆ వాయువు నేర్పగలిగిన పాఠం ఏదైనా ఉంటే అది ఇదే, దాని ఆరాధకులు నేర్చుకున్న పాఠం మాత్రం వేరు.

కెటమిన్ ఇందుకు దాదాపు విలోమం. 1962లో పార్క్-డేవిస్ సంస్థ కోసం కాల్విన్ స్టీవెన్స్ దీనిని తయారుచేశాడు. 1964లో మిషిగన్ రాష్ట్రంలోని జాక్సన్ కారాగారంలో ఖైదీలైన స్వచ్ఛందులకు ఎడ్వర్డ్ డొమినో, గుంటర్ కార్సెన్ దీనిని మొదటిసారిగా ఇచ్చారు. ఫలితాలు 1965లో అచ్చయ్యాయి. తగిన మోతాదు పడిన మనిషి కళ్లు తెరిచే ఉంటాయి, కనుగుడ్లు నెమ్మదిగా కదులుతుంటాయి, శ్వాస నడుస్తూనే ఉంటుంది, కాని పిలిస్తే పలకడు, కోస్తే కదలడు. తేరుకున్నాక చెప్పినవి: కాళ్లూ చేతులూ లేనట్లుంది, శూన్యంలో తేలుతున్నట్లుంది. ఇక్కడ దృశ్యాలున్నాయి, దూరాలున్నాయి, కొందరికి భయమూ ఉంది. లేనిది దేహం. ఒక్కొక్కప్పుడు ఆ దేహం 'నాది' అనేవాడూ లేడు. నైట్రస్ ఆక్సైడ్‌లో 'నేను' మిగిలి, విషయం లేని అర్థంతో పొంగిపోతాడు. కెటమిన్‌లో విషయాలు మిగిలి, వాటిని నావి అనుకునే చోటు ఖాళీ అవుతుంది.

ఈ స్థితికి పేరు పెట్టిన తీరు విచిత్రమైనది. మనోరోగాన్ని గుర్తుచేసే పేరు ఔషధ సంస్థకు ఇష్టం లేదు. కలకు సంబంధించిన పేరూ ఆలోచనకు వచ్చింది. స్వచ్ఛందులు పరిసరాల నుంచి తెగిపోయినట్లున్నారని డొమినో ఇంట్లో చెప్పగా, 'విచ్ఛేదక' అనే అర్థమిచ్చే మాటను ఆయన భార్య టోనీ సూచించింది. శాస్త్రంలో అదే స్థిరపడింది. ఖైదీల మాటలు పరిశోధకుడి ద్వారా, సంస్థ అభ్యంతరాల ద్వారా, ఒక గృహిణి పదస్ఫురణ ద్వారా వడబోతకు గురై పారిభాషిక పదమయ్యాయి. ఆ మాటలు పలికినవారి పేర్లు మనకు చేరలేదు. డేవీ గ్రంథంలోని మిత్రుల వాఙ్మూలాల పక్కన దీనిని పెట్టి చూడాలి. అక్కడ వాయువు పీల్చినవాడే కలం పట్టాడు. ఇక్కడ మందు పుచ్చుకున్నవాడొకడు, కలం పట్టినవాడు మరొకడు. చేతులు లేనట్లుందని ఖైదీ అంటే అది దుష్ప్రభావాల పట్టికలో చేరింది. తరువాత జాన్ లిల్లీ వంటి విద్యావంతులు అదే మందుతో అదే చెబితే అది అంతర్యాత్రగా పుస్తకాలకెక్కింది. రెండు మందుల 'అంతరంగిక ప్రభావాలను' పోల్చే ప్రతి పట్టికలోనూ ఈ తేడా కలిసిపోయి ఉంటుంది. మందుల మధ్య భేదం ఎంత, సాక్షుల హోదాల మధ్య భేదం ఎంత అన్నది విడదీయకుండా ఆ పోలికను రసాయన సత్యంగా భావించడం తొందరపాటు.

భారతీయ దర్శనాలలో ఈ చర్చకు పాత పునాది ఉంది. గాఢనిద్ర నుంచి లేచినవాడు హాయిగా నిద్రపోయాననీ, ఏమీ తెలియలేదనీ అంటాడు. 'ఏమీ తెలియలేదు' అన్నది అతనికి ఎట్లా తెలిసింది? అద్వైతులు అది స్మృతి అంటారు. అనుభవం లేక స్మృతి ఉండదు కనుక నిద్రలోనూ ఒక సాక్షి వెలుగుతూనే ఉందంటారు. నైయాయికులు ఒప్పుకోరు. లేచాక శరీరం తేలికగా ఉండడాన్ని బట్టీ, నడుమ కాలానికి జ్ఞాపకం లేకపోవడాన్ని బట్టీ చేసిన అనుమానమే అది అంటారు. శస్త్రచికిత్స తరువాత రోగి చెప్పే 'నాకేం తెలియలేదు' అన్న వాక్యం అచ్చంగా ఈ వివాదంలోనిదే. అయితే నిద్ర విషయంలో ఎవరు నెగ్గినా ఎవరికీ హాని లేదు. శస్త్రచికిత్స బల్ల మీద పరిస్థితి వేరు. ఆ వాక్యం స్మృతి అయితే రోగి నిజంగా బాధపడలేదు. అది అనుమానమే అయితే, బాధపడి మరిచిపోయి ఉండవచ్చు.

ఈ శంక ఊహామాత్రం కాదు. 1977లో టన్‌స్టాల్ అనే వైద్యుడు సిజేరియన్ శస్త్రచికిత్సలో ఒక ఉపాయం చేశాడు. కండరాలను స్తంభింపజేసే మందు ఎక్కించే ముందు ఒక ముంజేతికి పట్టీ బిగిస్తే ఆ మందు ఆ చేతికి చేరదు. తక్కిన దేహం కదలలేకపోయినా ఆ చేయి కదలగలదు. మత్తులో ఉన్న మనిషిని చేయి నొక్కమని అడిగితే కొందరు నొక్కారు. తేరుకున్నాక అడిగితే వారికేమీ గుర్తు లేదు. నోటి సాక్ష్యమూ చేతి సాక్ష్యమూ విరుద్ధంగా ఉన్నప్పుడు దేనిని నమ్మాలి? చేతినే నమ్మాలన్నది ఇక్కడి వాదం. మరిచిపోయిన బాధ బాధ కాకపోతే, బాధానివారణకు మత్తుమందు కంటె మరపుమందు చాలు. కెటమిన్‌తో పాటు మిడజోలం అనే మందును ఇవ్వడం ఆసుపత్రులలో పరిపాటి. తేరుకునే వేళ వచ్చే భయానక దృశ్యాలను తగ్గించడం దాని ఉద్దేశం. మిడజోలం జ్ఞాపకాన్నీ చెరుపుతుంది. తగ్గినది భయమా, భయపడ్డానన్న వాఙ్మూలమా? వైద్యుడి సదుద్దేశాన్ని ఇక్కడ ఎవరూ సందేహించనక్కరలేదు. అయినా ఒక మందు ఇచ్చి, దాని ప్రభావం చెప్పవలసిన సాక్షిని మరో మందుతో మౌనంలో ఉంచడమన్నది తాత్త్వికంగా చిన్న విషయం కాదు.

జేమ్స్ కాగితాలకూ ఈ దర్శనాలలో కొలత దొరుకుతుంది. వేదాంత పరిభాషాకారుడు ధర్మరాజాధ్వరీంద్రుడు ప్రమకు అబాధితత్వాన్ని లక్షణంగా చెప్పాడు. తరువాతి జ్ఞానం చేత కొట్టివేయబడనిదే ప్రమ. కల మెలకువతో బాధితమవుతుంది. జేమ్స్ దర్శనం ఆయన కాగితం చేతనే బాధితమైంది. ఎంత గట్టిగా అనిపించిందన్నది ప్రమాణం కానేరదు. కెటమిన్ విషయంలో ఉచ్చు మరో రకం. దేహం తొలగి, చూచుట మాత్రం మిగిలిందని ఎవరైనా చెబితే, మన పాఠకులకు వెంటనే దేహాత్మ వివేకం గుర్తుకొస్తుంది. ఆధునిక ఆధ్యాత్మిక రచనలలో ఈ సమీకరణం తరచుగా కనిపిస్తుంది. అది నిలవదు. దేహం తానుకాదని తెలుసుకోవడం వేరు, దేహం తెలియకపోవడం వేరు. మొదటిది జ్ఞానం, రెండవది లోపం. తిమ్మిరెక్కిన కాలు తనది కాదనిపించిన ప్రతివాడూ జ్ఞాని కాలేడు. పైగా అద్వైతుల సాక్షి ఒక మందు మోతాదుతో వచ్చి, మోతాదు దిగగానే పోయేది అయితే, అది వారు చెప్పిన సాక్షి కాదు.

ఇక తెలుగు మాటల సంగతి. ఆంగ్లంలో ఒకే మాట మోసే భారాన్ని తెలుగు అనేక పదాలకు పంచింది. 'తెలివి' అంటే బుద్ధి, మెలకువ, వెలుతురు కూడా. తెల్లవారడం, తేటపడడం దాని బంధువులు. 'స్పృహ' సంస్కృతంలో కోరిక. తెలుగులో అది ఎరుకగా మారింది. అయితే పాత అర్థం 'నిస్పృహ'లో మిగిలి ఉంది. లోకాన్ని కోరడం ఆగితే లోకం తెలియడమూ ఆగుతుందన్న ఒక తాత్త్విక ప్రతిపాదన ఈ అర్థపరిణామంలో దాగి ఉందని చెప్పవచ్చు. నైట్రస్ ఆక్సైడ్‌లో నొప్పి తెలుస్తూనే పట్టకుండా పోవడం ఈ పదచరిత్రకు చక్కని వ్యాఖ్యానం. తెలివి ఉంది, పాత అర్థంలోని స్పృహ సడలింది. కెటమిన్‌లో కళ్లు తెరిచి ఉన్నా తెలివి ఇక్కడ లేదు.

మూడవ మాట 'సోయి'. ఇది తెలంగాణ పలుకుబడి. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే రైలుదారిలోని గౌడవెల్లి మొదలు శామీర్‌పేట వైపు ఊళ్ల దాకా, స్పృహ కోల్పోయిన మనిషిని 'సోయి తప్పిండు' అంటారు. బాధ్యత మరిచినవాడిని 'ఇంటి సోయి లేదు', 'పిల్లల సోయి లేదు' అంటారు. ఒకటి వైద్య విషయం, ఒకటి నీతి విషయం. భాష ఆ రెంటినీ వేరు చేయలేదు. సోయి అంటే ఉట్టి ఎరుక కాదు, ఎవరో ఒకరి పట్ల ఎరుక. అందుకే సోయి ఒక్క రోగికి మాత్రమే ఉండవలసినది కాదు, అతని సోయి తప్పించినవాడికి మరింత ఉండవలసినది. 'స్పృహ'తో ఈ వాక్యం ఇంత సూటిగా రాదు. సామాజిక స్పృహ వంటి సమాసాలున్నా, వాటిలో పిల్లల ఆకలి వినిపించదు.

ఆ పరిసరాలలోనే 'మత్తు' అన్న మాటకు ఆసుపత్రి ఒక చిరునామా, కల్లు దుకాణం మరొక చిరునామా. 'మందు'కూ అంతే. తెలంగాణలో కల్లును క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రజోలామ్‌లతో కల్తీ చేయడం ఎన్నో కేసులలో బయటపడిన విషయం. 2025 జూలైలో కూకట్‌పల్లి పరిసరాలలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఇందులో క్లోరల్ హైడ్రేట్‌కు ఒక పాత చుట్టరికముంది. 1869లో లీబ్రైఖ్ దానిని నిద్రమందుగా ప్రవేశపెట్టింది, అది శరీరంలోకి వెళ్లి క్లోరోఫాంగా మారుతుందన్న ఆశతో. ఆ ఆశ తప్పింది, నిద్ర మాత్రం వచ్చింది. లారీ పట్టుకున్న క్లోరోఫాం వంశానికి ఆ విధంగా సీసాలోని కల్లుతో సంబంధం కలిసింది. తాగినవాడు తనకు కలిగిన మత్తును తాటిచెట్టుదే అనుకుంటాడు. అతని అనుభవం నిజం, దానికి అతడు చెప్పే కారణం అబద్ధం, ఆ అబద్ధం అతనిది కాదు. మానేసినప్పుడు వచ్చే వణుకు, మూర్ఛ, పిచ్చిచూపులు 2015లో తెలంగాణ జిల్లాల ఆసుపత్రులను నింపినప్పుడుగాని, ఆ సీసాలో ఏముందన్న ప్రశ్నకు అతని శరీరం సాక్ష్యమివ్వలేదు. అంతవరకు అతడిని ఎవరూ అడగలేదు. తాగుబోతు మాటకు విలువ లేదన్నది మన లోకరీతి. జాక్సన్ ఖైదీ మాటకూ అదే గతి పట్టింది.

కెటమిన్ నేడు భారతదేశంలో కఠిన నియంత్రణ కింద ఉంది. అయినా చిన్న ఆసుపత్రులలో, విపత్తు వేళల్లో, యంత్రపరికరాలు తక్కువైన చోట దానికి సాటి లేదు. శ్వాసను నిలిపి ఉంచుతుంది, రక్తపీడనాన్ని పడనీయదు. కనుక దానిని నిందించడం ఈ చర్చకు ప్రయోజనం కాదు. చర్చ సమ్మతి గురించి. 'మత్తు ఇస్తాం, ఏమీ తెలియదు' అన్నది తెలుగునాట రోగికి మామూలుగా దొరికే వివరణ. కెటమిన్ విషయంలో ఆ వాక్యంలోని రెండవ భాగం అన్ని వేళలా నిజం కాదు. చేతులు లేనట్లు, తాను దూరంగా తేలిపోతున్నట్లు అనిపించవచ్చుననీ, అది కొద్దిసేపటిలో దిగిపోతుందనీ ముందుగా చెబితే ఆ అనుభవం రోగికి మృత్యువుగా తోచకపోవచ్చు. దానిని చెప్పడానికి తెలుగులో మాటలు లేవనడం చెల్లదు. పై పదచర్చ అంతా అందుకే.

తేరుకునే గదిలో రోగి స్థితిని కొలవడానికి 1970లో ఆల్‌డ్రెట్ రూపొందించిన పట్టిక నేటికీ వాడుకలో ఉంది. కదలిక, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, చర్మవర్ణం అని ఐదు అంశాలు, ఒక్కొక్కదానికి సున్నా నుంచి రెండు వరకు అంకెలు. తరువాత చర్మవర్ణం స్థానంలో ఆక్సిజన్ శాతం వచ్చింది. పిలిస్తే పలికితే స్పృహకు ఒకటి, పూర్తిగా మేల్కొంటే రెండు. లారీ కాలంలో అసలు లేని గడి ఇది, ఆ మేరకు ఇది ముందడుగే. బయట నిలుచున్నవాళ్లు 'సోయికొచ్చిండా?' అని అడిగితే, లోపల నర్సు ఆ గడిలో రెండు వేస్తుంది. సోయికి వస్తూ ఆ మనిషి ఏమన్నాడో రాసుకోవడానికి పట్టికలో చోటు లేదు.